వెంబడించడం అంటే తరమడమేనా?

సందేహం: చర్చిలో ఆదివారం బడి పిల్లలకు పాఠం చెబుతుంటాను. మొన్న ‘యేసును వెంబడించాలి’ అంటే ఒక పిల్లవాడు ‘ఎందుకు టీచర్, ఆయన పారిపోతున్నాడా?’ అన్నాడు. అందరూ ఒకటే నవ్వు. ‘పోలీసులు దొంగను వెంబడించి పట్టుకున్నారు’ అని పేపర్లో చదివే పిల్లలు మరి. ‘అనుసరించాలి’ అనమంటారా? మా కుర్ర పాస్టరుగారు ‘ఫాలో అవ్వాలి’ అంటారు. పనిలో పనిగా, శిష్యరికమా, శిష్యత్వమా? – ఒక పాఠకురాలు

సమాధానం: ఆ పిల్లవాణ్ని మందలించకండమ్మా. తప్పు వాడిది కాదు, వాడికి తెలుగు నేర్పుతున్న పత్రికలది. దొంగను తరమడానికి ‘తరుము’ ఉంది, ‘వెంటాడు’ ఉంది, ‘వెంటపడు’ ఉంది. ఇన్ని ఉండగా నెమ్మదిగా నడిచే ఒక మాట చేతికి లాఠీ ఇచ్చి పరుగెత్తించారు. పాత తెలుగులో ఈ మాటకు తరమడం అనే అర్థం అసలే లేదని మాత్రం అనను.

వెంబడిలో ఉన్నది వెన్ను. వెను, పడి కలిసి వెంబడి అయింది. కన్నడంలో మన వెన్ను బెన్ను అవుతుంది. వాళ్లు వెంటపోవడాన్ని బెంబత్తు అంటారు, బెంబల అనీ అంటారు. బెంబల అంటే మన వెన్నుదన్నే. ‘వెంట’ను కూడా నేను ఈ ఇంటి పిల్లగానే లెక్కవేస్తాను. ముందు నడిచేవాడి వీపు చూస్తూ నడవడం వరకే వెంబడి చెప్పే సంగతి. ఎందుకు నడుస్తున్నామో అది చెప్పదు. వరిచేను గట్టు మీద ఇద్దరు పక్కపక్కన నడవలేరు. చిన్నప్పుడు మా నాన్న అడుగు తీసిన చోటే నా అడుగు వేసేవాణ్ని, లేకపోతే బురదలోకి జారడమే. వెంబడి అంటే నాకు ఆ గట్టే గుర్తొస్తుంది. తెలంగాణలో ‘నా ఎంబడి రా’ అన్న మాట ఇంకా బతికే ఉంది. అక్కడ ఎవరూ దాన్ని విని పరుగందుకోరు.

ఇక బైబిలు. గలిలయ సముద్రం ఒడ్డున జాలరులతో యేసు అన్న మాట మన పాత అనువాదంలో ‘నా వెంబడి రండి’. సువార్తల మూలభాష గ్రీకులో ‘దెవుతె ఒపిసో ము’. ఒపిసో అంటే వెనుక. ఇంతకంటే దగ్గరి తెలుగు నాకు తోచదు. ఆ తర్వాతి వాక్యం చూడండి: వాళ్లు ‘వెంటనే’ వలలు విడిచి ఆయనను ‘వెంబడించిరి’. కాలానికొకటి, నడకకొకటి, రెండు మాటలూ వెన్ను లోంచే వచ్చాయి. వెంబడించడానికి అక్కడున్న గ్రీకు క్రియ ‘అకొలుథెయో’. అందులో తోడు అనే ముక్క, తోవ అనే ముక్క ఉన్నాయి, ఒకే తోవన నడవడమన్నమాట. తరమడానికి గ్రీకులో ‘దియోకో’ అని వేరే క్రియ ఉంది. యేసు శిష్యులను పట్టి బంధించడానికి బయల్దేరిన సౌలుకు దమస్కు దారిలో యేసు నోట వినబడిన ‘నీవేల నన్ను హింసించుచున్నావు’ అన్న మాటలో ఉన్నది అదే. మీ పిల్లవాడి ప్రశ్న వేయవలసింది సౌలుకు. అతను నిజంగానే తరిమాడు.

నాకు ఇష్టమైన ముక్క లూకా సువార్త 9వ అధ్యాయంలో ఉంది. సిలువ ఎత్తుకొని వెంబడించమన్న మాట మత్తయి, మార్కు కూడా రాశారు. ‘ప్రతిదినము’ అన్నది మాత్రం లూకా ఒక్కడే. రోజూ ఎవరం పరుగెత్తగలం? నడక అయితే రోజూ సాధ్యమే, దుకాణానికైనా, బడికైనా, పొలానికైనా.

ఈ మాటల కుటుంబాన్ని ఒక్కచోట చూడాలంటే పోతన దగ్గరికే పోవాలి. గజేంద్రుడు మొరపెట్టగానే విష్ణువు ‘సిరికిం జెప్పడు’, చేతిలోకి శంఖచక్రాలు తీసుకోడు, లేచి బయల్దేరతాడు. ఆ తర్వాత: ‘తనవెంటన్ సిరి, లచ్చివెంట నవరోధవ్రాతమున్, దాని వెన్కను బక్షీంద్రుఁడు, వాని పొంతను’ ఆయుధాలు... అవరోధవ్రాతమంటే అంతఃపుర స్త్రీలు, పక్షీంద్రుడంటే గరుత్మంతుడు, పొంత అంటే పక్క. వెంట, వెంట, వెన్క, పొంత. ఎవరు ఎక్కడ నడుస్తున్నారో గీసి చూపినట్టు లేదూ? ఇంతమంది వెనకాల వస్తున్నారు, ఒక్కరూ ఆయన్ను తరమడం లేదు. ఎక్కడికని అడిగినవాళ్లూ లేరు. లక్ష్మీదేవి అడగబోయి ఆగిపోతుంది, ఆ పద్యం మరోసారి ఎప్పుడైనా.

అనుసరించడం కూడా మూలంలో వెనుక పోవడమే. కానీ ఇవాళ జీవోను అనుసరిస్తాం, టైమ్‌టేబుల్‌ను అనుసరిస్తాం, కూర్చున్న చోటు నుంచి కదలకుండా. పన్ను వసూలు చేసే సుంకపు మెట్టు దగ్గర కూర్చున్న మత్తయి, యేసు పిలవగానే ఒక్క మాట మారు పలకకుండా లేచాడు. ‘పిలిస్తే పలికే’ అన్న మన నుడికారం అక్కడ చాలదు. ఫాలో అంటారా, వేలితో నొక్కే పని అది, మర్నాడు మళ్లీ నొక్కితే పోతుంది. పాస్టరుగారు ఏమీ అనుకోకూడదు.

శిష్యత్వం ఒక స్థితి. శిష్యరికం చేసే పని, చుట్టరికంలాగా నిలబెట్టుకోవలసింది. నాకు రెండోదే ఇష్టం, మొదటిది తప్పు కాదు.

‘యేసును వెంబడించు’ కూడా తప్పనను, బైబిల్లోనే ఉంది. కాకపోతే ఆ ‘ను’ ఉందే, అది ఆయన్ను పట్టుకోవలసిన మనిషిలా చూపిస్తోందేమోనని నా అనుమానం. వచ్చే ఆదివారం ‘యేసు వెంబడి నడవాలి’ అని చెప్పి చూడండి. ఆ పిల్లవాడు ఏమన్నాడో నాకు రాయండి.