తెలిసిందంతా ఒకే పేరాలో పెట్టొద్దు

ప్రశ్న: చిక్కడపల్లి లైబ్రరీలో కూర్చుని గ్రూప్స్ మెయిన్స్‌కి చదువుతున్నాను. విషయం తెలిసినా నా పేరాలు గజిబిజిగా ఉంటున్నాయని మా సార్ అంటున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: తెలిసిందంతా ఒకే పేరాలో కుక్కేస్తున్నారేమో చూసుకోండమ్మా. ఒక పేరాలో ఒక్క విషయమే ఉండాలి, అది వీలైతే మొదటి వాక్యంలోనే తెలిసిపోవాలి. మూసీ వరద గురించి రాస్తున్నారనుకోండి. '1908 వరద హైదరాబాద్ నీటి ఏర్పాట్లనే మార్చేసింది' అని మొదలుపెడితే, తర్వాత వచ్చే ప్రతి వాక్యం ఎలా మార్చిందో చెప్పాలి: నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించడం, ఎగువన జలాశయాలు కట్టాలని ఆయన సూచించడం, 1920లో మూసీ మీద ఉస్మాన్ సాగర్, 1927లో ఈసీ మీద హిమాయత్ సాగర్ పూర్తికావడం. మధ్యలో చార్మినార్ కట్టిన 1591 గుర్తొచ్చిందని దాన్ని ఇరికించకండి, ఎంత కరెక్టయినా అది ఈ పేరాది కాదు. 'అందువల్ల', 'అయితే' లాంటివి నిజంగా కారణమో తేడానో ఉన్నప్పుడే వాడండి, చాలామంది ఊరికే వాడేస్తారు. పొడవు గురించి బెంగ వద్దు. రాశాక ఒకసారి పైకి చదవండి, ఏ వాక్యం తీసేసినా అర్థం చెడట్లేదో దాన్ని కొట్టేయండి.