సెలెక్టరుగా కూర్చోబోతున్న మా మేనల్లుడికి

చిరంజీవి చిన్నాకి,

మీ నాన్న నిన్న రాత్రి ఫోన్ చేశాడు. మన జిల్లా అండర్-17 రగ్బీ జట్టు ఎంపికకి నిన్ను కూడా కమిటీలో వేశారట. చెబుతుంటే వాడి గొంతులో గర్వం దాగలేదు, నాకూ దాగలేదు. ఫోన్ పెట్టేశాక మాత్రం భయం పట్టుకుంది. నీకు ఫోన్‌లో చెబితే "సరే అత్తా, సరే అత్తా" అంటూ ఇంకేదో పని చూసుకుంటావు. అందుకే రాస్తున్నాను. తీరిగ్గా కూర్చుని చదువు.

మామూలు సంగతులు నీకు తెలిసినవే. పుట్టినతేదీ కాగితాలు, స్టడీ సర్టిఫికెట్లు ఎవరూ గ్రౌండులో దిగకముందే చూసెయ్యి. అందరికీ నంబర్లు ఇవ్వు, మార్కులు వేసే కాగితం మీద పేరూ స్కూలూ ఉండకూడదు. ముప్పై మీటర్ల పరుగు, బీప్ మోగేలోపు గీత నుంచి గీతకి పరిగెత్తే బీప్ టెస్టు ఎలాగూ పెడతావు. సిఫారసు ఫోన్లు వస్తాయి, ఎత్తకు.

పొద్దున్న ఏం తిన్నారో అడుగు. పద్మనాభం, భీమిలి వైపు పిల్లలు చీకటితోనే బయల్దేరి, ఆటో దిగి, 900కే బస్సు ఎక్కి వస్తారు. తిన్నారా అంటే తిన్నామనే అంటారు. సెలెక్షన్‌కి వచ్చి ఆకలేస్తోందని చెప్పే పిల్లాణ్ణి నేనింతవరకు చూడలేదు. నాలుగు డజన్ల అరటిపళ్లు, ఉప్పూ పంచదారా కలిపిన నీళ్లు దగ్గర పెట్టుకో. మన వైజాగ్ ఉక్కపోతలో ఖాళీ కడుపుతో పరిగెత్తినవాడి టైము చూసి "స్పీడు లేదు" అని రాసేస్తే ఆ పాపం నీదే. పాడేరు, అరకు పిల్లలు ఈసారి నీ దగ్గరికి రారు కదా? 2022లో ఆ ప్రాంతం అల్లూరి జిల్లాలోకి వెళ్లిపోయింది. కొండ ఎక్కి దిగిన కాళ్లు వాళ్లవి, నాకు బెంగగానే ఉంది.

ఇక కొలతల విషయం. మీసాలొచ్చిన గుంటణ్ణి చూసి మోజు పడకు. ఆ వయసులో ఒకే తరగతి పిల్లలు ఇద్దరిలో ఒకడు మగాడైపోయి ఉంటాడు, ఇంకొకడికి గొంతు కూడా మారదు. ఒకే సంవత్సరం పుట్టినా జనవరి వాడికీ డిసెంబరు వాడికీ దాదాపు ఏడాది తేడా. ఆ పెద్దవాడు మిగతావాళ్లని గుద్దుకుంటూ పోయి, గీత అవతల బంతి నేలకి ఆనించి రెండు ట్రైలు కొడితే నీ పెన్ను దానంతటదే టిక్కు పెట్టేస్తుంది. వాడి ఒళ్లు చేసిన పనేదో, బుర్ర చేసిన పనేదో విడదీసి చూడు. వాడికి సమానమైన ఒడ్డూ పొడుగూ ఉన్నవాణ్ణి ఎదురుగా నిలబెట్టు, అప్పుడు పక్కవాడికి పాస్ ఇస్తాడో, అప్పుడూ గుద్దడమేనో తెలుస్తుంది. మనవాళ్లు ఎక్కువగా ఆడేది సెవెన్స్, అంటే జట్టుకి ఏడుగురి ఆట. హాఫుకి ఏడు నిమిషాలే అయినా, పదిహేనుమంది కాయాల్సిన గ్రౌండుని ఏడుగురే కాయాలి. రెండో హాఫులో వెనక్కి పరిగెత్తి వచ్చేవాడెవడో రాసుకో.

వింగులో, అంటే గ్రౌండు అంచున ఆడే పిల్లాడి దాకా ఒక్కోసారి బంతే రాదు. మధ్యలో ఉన్నవాళ్లు ఇవ్వరు. వాడికి సున్నా వేసి పంపించెయ్యకుండా కాసేపు లోపలికి మార్చి చూడు. మధ్యాహ్నం జట్లన్నీ కలిపేసి మళ్లీ పంచు.

మన దగ్గర రగ్బీకి వచ్చే వాళ్లలో చాలామంది కబడ్డీ పిల్లలే. నేనూ కబడ్డీ మనిషినే, రగ్బీ రిటైరవ్వబోయే ముందు నేర్చుకున్నాను. కబడ్డీలో పట్టినవాణ్ణి వదిలితే పాయింటు పోయింది. రగ్బీలో పడేశాక వదలకపోతే పెనాల్టీ. మొదట్లో మనవాళ్లు కాళ్లు పట్టుకుని వేలాడుతూనే ఉంటారు, విజిల్ మోగుతూనే ఉంటుంది. దానికి మార్కులు కొయ్యకు. పక్కకి పిలిచి ఒక్కసారి చెప్పు, మళ్లీ ఆడించు. చెప్పింది పట్టుకున్నవాడే నీకు కావలసినవాడు. 2007లో భువనేశ్వర్‌లోని కిస్ విద్యాసంస్థ గిరిజన పిల్లలు లండన్ వెళ్లి అండర్-14 టోర్నమెంటు గెలుచుకొచ్చారు. ఆ బంతి చేతికొచ్చి అప్పటికి వాళ్లకి ఎంతో కాలం కాలేదు.

ఇప్పుడు అసలు సంగతి. టాకిల్ చేసేటప్పుడు, అంటే బంతి ఉన్నవాణ్ణి పట్టి పడేసేటప్పుడు, పట్టేవాడి తల ఎటు పోతోందో చూడు. ఎదుటివాడి తుంటికి పక్కగా, వెనకవైపు ఉండాలి. పరిగెత్తేవాడి ముందుకి తల పెట్టేవాడు ఎంత ధైర్యవంతుడైనా ఆటలోంచి తీసి నేర్పించు. మోకాలో తుంటో తగిలేది వాడి తలకే. భుజాలకి పైన పట్టుకునేవాడి సంగతి రిఫరీ చూసుకుంటాడు. ఇలా తల పెట్టేవాణ్ణి నువ్వే చూసుకోవాలి.

నువ్వు పదో తరగతిలో చేసిన ఘనకార్యం ఇంట్లో అందరికీ నవ్వుతూ చెబుతుంటావు. నాకు ఈ రోజుకీ నవ్వు రాదు. కబడ్డీ సెలెక్షన్లలో ఎవరిదో మోకాలు నీ చెవి పైన తగిలింది. పడ్డావు, లేచావు, లేచి నీ కోర్టు వదిలేసి అవతలి కోర్టు వైపు నడిచావు. చూసినవాళ్లు నవ్వారట. సెలెక్టరు మాత్రం చప్పట్లు కొట్టి "అదీ దమ్మంటే" అన్నాడట. ఆ మాటతో నీకు రెక్కలొచ్చాయి, ఇంకో రెండు మ్యాచ్‌లు ఆడేశావు. నేను ఆడపిల్లల ట్రయల్స్ ముగించుకుని సాయంత్రం నీ కోసం వస్తే జట్టులో పేరొచ్చిందని ఎగురుతున్నావు. స్కూటీ ఎక్కాక "అత్తా, ఎక్కడికెళ్తున్నాం?" అన్నావు. ఇంటికిరా అన్నాను. రెండు నిమిషాలకి మళ్లీ అదే ప్రశ్న. మళ్లీ అదే. మద్దిలపాలెం దగ్గర వాంతి చేసుకున్నావు. అక్కణ్ణుంచి హాస్పిటల్‌కి ఎలా తీసుకెళ్లానో నాకే తెలీదు. రాత్రంతా నిన్ను లేపుతూ, పేరు అడుగుతూ కూర్చున్నాను. మీ నాన్న వరండాలో తిరుగుతూనే ఉన్నాడు. తెల్లారాక నీకు తెలివొచ్చి ఏడ్చావు. తల నొప్పికి కాదురా వెధవా, టోర్నమెంటు పోయిందని! చెప్పకుండా ఎందుకు ఆడావురా అంటే, "చెబితే తీసేస్తారు కదత్తా" అన్నావు. ఆ జవాబులో తప్పేమీ లేదు, నిజంగా తీసేసేవారే. పదిహేనేళ్ల పిల్లాడికి అంత లెక్క తెలిసింది.

రేపు నీ ముందు నిలబడే ప్రతివాడికీ ఆ లెక్క తెలుసు. కాబట్టి పొద్దున్నే అందర్నీ కూర్చోబెట్టి చెప్పు: తలకి దెబ్బ తగిలి బయటికొచ్చినవాడి పేరు కొట్టెయ్యం, వాడి స్కూలు మ్యాచ్‌లు చూసి, బాగయ్యాక మళ్లీ ఆడించి నిర్ణయిస్తాం అని. కమిటీ చేత ముందే ఒప్పించుకో, రాతలో పెట్టించు. ఒట్టి మాటగా చెబితే పిల్లలు నమ్మరు.

స్పృహ తప్పితేనే దెబ్బ అనుకోకు, చాలామందికి తప్పదు. లేవడానికి ఆలస్యం, తడబడే కాళ్లు, శూన్యంగా చూసే చూపు, తల పట్టుకోవడం, వీటిలో ఏదున్నా బయటికే. ఏ గ్రౌండులో ఉన్నాం, ఇది ఎన్నో హాఫు, ఇందాక పాయింటు ఎవరు కొట్టారు అని అడుగు. జవాబు సరిగ్గా చెప్పినా నీకు అనుమానం ఉంటే ఆ రోజుకి ఇక ఆడించకు. రగ్బీలో నియమం కూడా అదే. వాంతులు, మగత, ఎక్కువయ్యే తలనొప్పి ఉంటే ఆలోచించకుండా కేజీహెచ్ పెద్దాసుపత్రికి తీసుకెళ్లు. బండి ఒకటి పొద్దుట్నుంచీ గేటు దగ్గరే ఉండాలి, డ్రైవరు టీకి వెళ్లకూడదు. బాగున్నాడు కదా అని ఒంటరిగా బస్సెక్కించకు, ఇంట్లోవాళ్లకి ఫోన్ చేసి అప్పగించు. మూడు వారాల దాకా వాడికి మ్యాచ్ ఊసే వద్దు.

అతి జాగ్రత్త అంటారు నీ పక్కనున్నవాళ్లు. అననీ. మా మేనత్త చాదస్తం అని నా మీదకి తోసెయ్యి, నాకేం నష్టం లేదు.

పేర్లు రానివాళ్లని బోర్డు చూసుకుని పొమ్మనకు. ఒక్కొక్కణ్ణీ పిలిచి ఎందుకు రాలేదో ఒక్క ముక్క చెప్పు: ఎడమవైపు పాస్ రావట్లేదనో, పడ్డాక లేవడం ఆలస్యమవుతోందనో. పొద్దుపోతుంది, ఆకలేస్తుంది, అయినా చెప్పు. నీకు ఓపిక ఎక్కువే, చిన్నప్పట్నుంచీ చూస్తున్నాను.

ఆదివారం ఇంటికి రా. నా దగ్గర కోన్లు, జట్లు గుర్తుపట్టడానికి వేసుకునే రంగు బిబ్బులు రెండు సంచులున్నాయి, పట్టుకుపో. స్టాప్‌వాచ్ మాత్రం తిరిగివ్వాలి, పోయినసారి తీసుకెళ్లింది ఇంకా రాలేదు.

మీ అత్త