కార్లోస్ మాల్టా మీద నీ వ్యాసం గురించి

చిరంజీవికి ఆశీస్సులు.

బ్రెజిల్ ఫ్లూటు విద్వాంసుడు కార్లోస్ మాల్టా మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. "సంప్రదాయానికీ ఆధునికతకూ అద్భుతమైన మేళవింపు" అన్న మాట ప్రతి పేజీలోనూ కనబడింది. అది కొట్టేసి, ఆయన సంగీతంలో ఏది పాతదో, ఏది కొత్తదో విడదీసి చెప్పు.

ముందు పాతది. బ్రెజిల్ ఈశాన్యాన పెర్నంబుకో రాష్ట్రంలో, కరువరు లాంటి ఊళ్ళలో పీఫనో మేళాలున్నాయి. పీఫనో అడ్డంగా పట్టి ఊదే వెదురు పిల్లనగ్రోవి. ఎర్రగా కాల్చిన ఇనప ఊచతో రంధ్రాలు పొడుస్తారు: ఊదడానికి ఒకటి, వేళ్ళకి ఆరు. రెండు పీఫనోలు మూడో స్వరం ఎడంతో జంటగా సాగుతాయి. వెనక జబుంబా అనే పెద్ద డోలు, కైషా అనే చిన్న డోలు, ఇత్తడి తాళాలు.

ఈ మేళాలు వాయించే బయావ్ అనే లయని "సింకోపేటెడ్" (ఎదురు దెబ్బల లయ) అని వదిలేశావు. తకిట తకిట తక అని రాయి, పాఠకుడు తొడ మీద వేసి చూసుకుంటాడు. ఎనిమిది మాత్రలు. జబుంబా పైచర్మం మీద బరువైన దెబ్బ రెండు తకిటల "త" మీదా పడుతుంది; అడుగు చర్మం మీద సన్నపుల్ల మధ్య ఖాళీల్లో జవాబిస్తుంది. ఒంటిని ఊపేది నాలుగో మాత్ర మీద పడే ఆ రెండో దెబ్బే. అది అయిదో మాత్రకి జరిగిందా, కవాతు చప్పుడైపోతుంది.

"వాచస్పతి రాగంలో ఊదాడు" అనకు. ఆ రాగంలోని ప్రతిమధ్యమం (హెచ్చు మ), కైశికి నిషాదం (తగ్గు ని) వినబడతాయి, నిజమే. కానీ గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) లేదు, రాగసంచారం లేదు. పైగా చేత్తో పొడిచిన రంధ్రాలు కనక కొన్ని మేళాల్లో గాంధారం హార్మోనియం మెట్టు మీద కూర్చోదు. సాధారణ, అంతర గాంధారాల (తగ్గు గ, హెచ్చు గ) నడుమ ఎక్కడో నిలుస్తుంది. పోలిక స్వరాల దగ్గరే ఆపెయ్.

ఇక కొత్తది. మాల్టా రియో మనిషి. ఫ్లూట్లు, శాక్సఫోన్లు రకరకాలవి వాయిస్తాడు. బ్రెజిల్ సంగీతకర్త ఎర్మెతో పస్కోవాల్ బృందంలో చాలా ఏళ్ళు పనిచేసి, 1994లో పీఫి ముదెర్నో అనే సొంత బృందం పెట్టాడు. అందులో బేస్ గిటారు లేదు, డ్రమ్‌సెట్ లేదు. జబుంబా, కైషా, తాళాలు అలాగే ఉంచాడు. మరి కొత్తదనం ఎక్కణ్ణించి వచ్చింది? నా లెక్కలో సగం ఆ బృందంలోని మార్కోస్ సుజానో వాయించే పండేయిరోలో ఉంది. మన కంజిరలా చట్రానికి బిళ్ళలుండే వాద్యమది. మామూలుగా దెబ్బల వరస బొటనవేలి గుమ్ముతో మొదలవుతుంది. సుజానో వేలికొసలతో మొదలుపెడతాడు. దాంతో గుమ్ము ఎదురు మాత్రల మీదికి వెళ్ళగలదు. చర్మం వదులు చేసి, మైకు దగ్గరగా పెడితే అరచేతి వాద్యం బేస్ గిటారు పని చేస్తుంది. నువ్వు దీనికి ఒక్క వాక్యమే ఇచ్చావు, అన్యాయం.

పీఫి ముదెర్నో రికార్డింగు హెడ్‌ఫోన్‌తో మళ్ళీ విను. మొదటిసారి పండేయిరో ఒక్కటే పట్టుకో, రెండోసారి ఫ్లూట్లు. రెండు ఫ్లూట్లూ జంట వదిలి విడిపోయిన చోటల్లా నిమిషం, సెకను రాసిపెట్టుకో. వ్యాసం వాటిలో ఒకదానితో మొదలుపెట్టు. ఆయన పుట్టుక, అవార్డులు చివర రెండు వాక్యాల్లో చాలు.

ఆశీస్సులతో