భర్త కొట్టేవాడని రుజువైతే బిడ్డ తల్లికే దక్కుతుందా?

"ఆయన మిమ్మల్ని కొట్టారు గానీ పాపను కొట్టలేదు కదా, దానికీ కస్టడీకీ సంబంధం లేదు" అని మీ లాయరు అన్నారని మీ ప్రశ్నలో రాశారు. పదకొండేళ్ల కిందట నాకూ దాదాపు అవే మాటలు చెప్పారు. చదవగానే చేతిలో పని పక్కన పెట్టి ఇది రాస్తున్నాను.

సంబంధం ఉంది. 2005 నాటి గృహహింస చట్టంలో 21వ సెక్షన్ మీరే చదవండి, ఇంకొకరు చెప్పేదాకా ఆగకండి. కేసు ఏ దశలో ఉన్నా మేజిస్ట్రేటు బిడ్డను తాత్కాలికంగా తల్లికి అప్పగించవచ్చు. తండ్రి వచ్చి చూడటం బిడ్డకు చేటు చేస్తుందని అనిపిస్తే ఆ అవకాశం నిరాకరించి తీరాలి. మా పిటిషన్‌లో మొదట ఆ సెక్షన్ ఊసే లేదు. రక్షణ ఉత్తర్వు, భరణం అడిగి ఊరుకున్నారు. బాబు నా దగ్గరే ఉన్నాడు కదా, మళ్ళీ అడగడం దేనికి అన్నారు. దేనికో మూడు నెలల తర్వాత తెలిసింది. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద బాబును తనకు అప్పగించాలని వాళ్ల నాన్న ఫ్యామిలీ కోర్టుకు వెళ్లారు.

అప్పటికి బాబుకు ఏడేళ్లు. ఐదేళ్లలోపు బిడ్డ మామూలుగా తల్లి దగ్గరే ఉండాలన్న 1956 నాటి హిందూ మైనారిటీ, గార్డియన్‌షిప్ చట్టం మాట మాకు పనికిరాలేదు. పైగా ఆలోచించి చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవచ్చు. అందుకే వాడిని తీసుకురమ్మన్నారు.

ఆ రోజు బడి మాన్పించాను. అయినా యూనిఫామే వేసుకుంటానని పట్టుబట్టాడు. పెద్దవాళ్లు ప్రశ్నలు అడిగే చోటంటే వాడికి తెలిసింది బడి ఒక్కటే. టై కట్టుకుని, నీళ్ల సీసా మెడలో వేసుకుని కోర్టు వరండాలో నా పక్కన నిలబడ్డాడు. నాలుగడుగుల దూరంలో వాళ్ల నాన్న, నానమ్మ. ఆవిడ జంతికల పొట్లం చూపిస్తూ పిలుస్తూనే ఉంది. వాడు నా చీర కొంగు వదలడు, అటు చూడటమూ మానడు. కొట్టిన మనిషినీ దెబ్బలు తిన్న మనిషినీ, వాళ్ల మధ్య ఒక పసివాడినీ మూడు గంటలు ఒకే వరండాలో నిలబెట్టడం ఏం పద్ధతి? ఇంకొక గది, ఒక బల్ల, కాస్త మంచినీళ్లు ఏర్పాటు చేయడానికి ఏ చట్టమూ మార్చనక్కరలేదు.

జడ్జి గారు వాడిని ఒక్కడినే తన గదిలోకి పిలిచారు. పావుగంట తర్వాత బయటికి వచ్చాడు. గుప్పిట్లో చాక్లెట్ ఉంది. తినలేదు, కాగితంలోనే మెత్తబడిపోయింది.

"ఏం అడిగారు నాన్నా?"

"ఎవరి దగ్గర ఉంటావని అడిగారు. నాన్న దగ్గర అని చెప్పాను."

నేను గోడ పట్టుకున్నాను.

"ఎందుకని కూడా అడిగారమ్మా. నేను అక్కడుంటే నాన్నకు కోపం పోతుంది, అప్పుడు అమ్మమ్మ వాళ్లింటికి వచ్చి నిన్ను కొట్టడు అని చెప్పాను."

తనను ఇచ్చేస్తే అమ్మ మిగులుతుందని ఏడేళ్లవాడు లెక్క వేసుకున్నాడు. వాడి ముందు ఏనాడూ దెబ్బ తినలేదని అంతవరకూ నేను ధైర్యంగా ఉన్నాను. గొడవ మొదలవుతుందనగానే ముందు గదిలో టీవీ శబ్దం పెంచి, లోపలి తలుపు వేసేదాన్ని. పుట్టింటికి వచ్చాక కూడా ఎవరైనా టీవీ శబ్దం పెంచితే వాడు మంచం కిందికి దూరేవాడని మా అమ్మ ఎప్పటినుంచో చెబుతూనే ఉంది. నేనే పట్టించుకోలేదు.

ఆ రెండో ప్రశ్న అడిగినందుకు ఆ జడ్జి గారికి ఇప్పటికీ మనసులోనే దండం పెట్టుకుంటాను. మొదటి జవాబు రాసుకుని పంపేసి ఉంటే నా బిడ్డ నాకు దక్కేవాడు కాదు. హింస ఉన్న ఇంట్లో బిడ్డ చెప్పే ఇష్టం బిడ్డది కాదు, భయానిది. ఈ విషయంలో ఎవరు ఎన్ని చెప్పినా నేను ఒప్పుకోను. "భార్యను కొడితే కొట్టాడు, తండ్రిగా మంచివాడు" అన్న మాటనూ ఒప్పుకోను. తల్లి ఒంటిమీద పడిన ప్రతి దెబ్బా బిడ్డకు తగిలిందే.

తీర్పులో వాడి మాట ఇంగ్లీషులో ఒకటిన్నర వరుస ఉంది. మా అమ్మకు దాన్ని మళ్ళీ తెలుగు చేసి వినిపించాను. తెలుగులో పుట్టిన మాటను తెలుగులోనే రాస్తే ఏమయ్యేది? బాబును నాకే అప్పగించారు. మొదటి ఏడాది నెలకు రెండు శనివారాలు కోర్టు ఆవరణలో కౌన్సెలర్ ఎదుటే వాళ్ల నాన్న చూడాలన్నారు.

ఇక గృహహింస కేసు. అరవై రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టం చెబుతుంది. మాకు పద్నాలుగు నెలలు పట్టింది. ఆలోగా బడి మార్చాలంటే తండ్రి సంతకం కావాలని పాత బడివాళ్లు టీసీ ఇవ్వకుండా తిప్పారు. బిడ్డ బాగోగులు తండ్రి చూడని పరిస్థితిలో ఆయన బతికి ఉన్నా తల్లే సహజ సంరక్షకురాలని సుప్రీంకోర్టు 1999లోనే గీతా హరిహరన్ కేసులో చెప్పింది. ఆ సంగతి చెబితే ఆఫీసులో ఉన్నాయన తల కూడా ఎత్తలేదు.

మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. కొట్టినట్టు రుజువైనంత మాత్రాన బిడ్డ దానంతట అదే తల్లికి రాదు. అంతిమంగా బిడ్డ సంక్షేమమే కోర్టు చూస్తుంది. కాలిఫోర్నియాలో మా పిన్ని కూతురు కేసు నడిచింది. గత ఐదేళ్లలో హింసకు పాల్పడ్డాడని కోర్టు తేలిస్తే, అతనికి కస్టడీ ఇవ్వడం బిడ్డకు మంచిది కాదన్న భావనతోనే అక్కడ విచారణ మొదలవుతుంది. కాదని నిరూపించుకోవలసింది అతనే. మన దగ్గర ఆ బరువు మన మీదే ఉంది. కాబట్టి గృహహింస చట్టం కింద ఫిర్యాదు విని కోర్టుకు నివేదిక రాసే రక్షణ అధికారికి మీ దెబ్బల గురించి చెప్పి ఆగిపోకండి. పాప ఏం చూసింది, ఏం విన్నది, ఆ రాత్రి ఎక్కడ పడుకుంది, మర్నాడు బడిలో ఎలా ఉంది, అన్నీ నివేదికలో రాయించండి. ఇప్పుడు మీరు ఉంటున్న ఊళ్లోనే కేసు వేయవచ్చు. ఈ లాయరు 21వ సెక్షన్ అడగనంటే న్యాయ సేవల సంస్థకు వెళ్లండి. ఆదాయం ఎంతైనా సరే, ఆడవాళ్లకు అక్కడ ఉచితంగా లాయరును ఇస్తారు.

పాప వయసు ఎంతో మీరు రాయలేదు. జడ్జి గారు పిలిపిస్తే ముందు రోజు రాత్రి కూర్చోబెట్టి ఏమీ నేర్పకండి. యూనిఫాం వేసుకుంటానంటే వేసుకోనివ్వండి.