బుట్ట బయటికి రావడం లేదు

ప్రశ్న: వంటగట్టు కింద అరలో గిన్నెలు, పెనాల కోసం బయటికి లాగే స్టీలు బుట్ట పెట్టించాను. సగం వచ్చి తలుపుకు తగిలి ఆగిపోతోంది. బుట్ట మార్చాలా?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: తొందరపడకండమ్మా, ముందు కీలు చూడండి. మామూలు కీళ్లతో తలుపు తెరిచినా దాని మందం అర నోట్లోకి కొంత చొచ్చుకునే ఉంటుంది. మా ఇంట్లో తలుపు లోపలి అంచున ఇనుప మూకుడు చెవి గీసిన గీత ఇప్పటికీ ఉంది. 165 డిగ్రీలు తెరుచుకునే కీళ్లలో తలుపు పూర్తిగా పక్కకు తప్పుకునే రకం అడిగి వేయించండి. అన్నట్టు, బుట్ట జారే లోహపు పట్టా, అదే చానెల్, ఎన్ని కిలోలు మోస్తుందో కూడా అడగండి. ఇనుప పెనాలు, కుక్కర్లు కలిస్తే బరువు తక్కువేమీ కాదు. అర పక్కలు కడప రాయి అయితే చానెల్ మరలను నేరుగా రాయిలోకి బిగించనివ్వకండి. ముందు ప్లైవుడ్ పలక గట్టిగా బిగించి, దానికి వేయించండి.