మీ కోరికను ఆమె పేరున చెప్పారు

ఒంగోలు నుంచి ఉత్తరం రాసిన సోదరునికి,

మీకు పెళ్ళయి ఏడేళ్ళయిందనీ, నాలుగేళ్ళ కిందట నాన్నగారు పోయిన నాటి నుంచి అమ్మగారు మీ దగ్గరే ఉంటున్నారనీ, మీరూ మీ భార్యా ఇద్దరే కలిసి ఎక్కడికైనా వెళ్ళిన సందర్భమే లేదనీ రాశారు. ఇద్దరికీ చేపలంటే ఇష్టం కనుక, మీరే ఆలోచించి, గది కూడా ముందుగా మాట్లాడి పెట్టి, మార్చి నెలలో ఒక శనివారం ఉదయం పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఆమెను నెల్లూరు తీసుకువెళ్ళారు. మధ్యాహ్నం కొరమీను పులుసుతో భోజనం చేశారు, సాయంత్రం మైపాడు సముద్రతీరానికి వెళ్ళారు, మరునాడు పొద్దున నెయ్యి కారం దోసె తిని, అమ్మగారి కోసం మలై కాజా కట్టించుకుని తిరిగి వచ్చారు. ఇంత చేసినా ఆమె ఆ రెండు రోజులూ ముభావంగానే ఉన్నదనీ, ఇంటికి వచ్చాక కూడా సరిగ్గా మాట్లాడటం లేదనీ, చేసిన మేలు గుర్తించని మనిషితో ఎలా వేగాలనీ బాధపడ్డారు. 120 కిలోమీటర్ల దూరంలోని నెల్లూరు కావడం వల్ల చులకనగా అనిపించిందేమో, వచ్చే మే నెలలో పుదుచ్చేరి తీసుకువెళ్ళి ఇంకా మంచి హోటల్లో దిగితే మనసు మారుతుందా అన్నది మీ ప్రశ్న.

మారదు. పైగా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు తూర్పు తీరమంతటా మరపడవల వేటపై నిషేధం ఉంటుంది, పుదుచ్చేరికి కూడా అది వర్తిస్తుంది, కాబట్టి సముద్రపు చేప కోసం మే నెలలో అంత దూరం వెళ్ళడం దండగ. ఊరి సంగతి ఇంతటితో వదిలేద్దాం.

మీ ఉత్తరం చివరలో ఒక వాక్యం ఉంది. ‘అమ్మ ఏమంటుందోనని, తనే నెల్లూరు వెళ్దామని నా ప్రాణం తీస్తోంది అని చెప్పాను’ అని రాసి, వెంటనే రైలు టికెట్ల గురించిన మాటల్లోకి వెళ్ళిపోయారు. నేను మాత్రం ఆ వాక్యాన్ని దాటి ముందుకు వెళ్ళలేకపోయాను.

ఈ ప్రయాణం తలపెట్టినది మీరు. ఆమె నోరు తెరిచి అడగనైనా లేదని మీరే రాశారు. భార్యను రెండు రోజులు ఎక్కడికైనా తీసుకువెళ్ళాలనిపించడం ఏ మగవాడికీ సిగ్గుపడవలసిన కోరిక కాదు. అయినా ఆ మాటను తల్లి ముఖం చూసి చెప్పడానికి మీకు ధైర్యం చాలలేదు, అందుకని దానిని భార్య మీదికి నెట్టారు. ఆ సమయానికి మీ అక్కగారు కూడా అక్కడే ఉన్నారని రాశారు. అత్తగారి ఎదుటా ఆడపడుచు ఎదుటా, మొగుణ్ణి వేధించి తిండి కోసం ఊళ్ళు తిరిగే కోడలన్న పేరు ఆమెకు వచ్చిపడింది. నేను అడగలేదండీ అని ఆమె ఒక్క మాట అంటే చాలు, మీ అబద్ధం అక్కడికక్కడే బయటపడేది. మీ పరువు పోకూడదని ఆ మాట అనకుండా ఊరుకున్న మనిషిని మీరు రైలెక్కించి, పులుసు ముందు కూర్చోబెట్టి, ఎందుకు సంతోషించడం లేదని అడుగుతున్నారు. ఎలా సంతోషిస్తుంది?

బయలుదేరే ముందు రోజు ఆమె దోసెల పిండి రుబ్బి, పప్పుచారు కాచి, రెండు రోజులకు సరిపడా పెరుగు తోడుపెట్టి, అత్తగారి బీపీ మాత్రలను ఏ పూటవి ఆ పూటకు పొట్లాలు కట్టి పెట్టి వచ్చిందని, ఆమె పనితనాన్ని మెచ్చుకుంటూ రాశారు. తనది కాని కోరికకు ఆమె కట్టిన జరిమానాలా కనిపించింది నాకు అదంతా.

మీరు మురిపెంగా రాసిన ఇంకొక సంగతి కూడా చెప్పాలి. హోటల్లో పులుసు గిన్నె బల్ల మీద పెట్టగానే ఆమె ఇంట్లోలాగే నడిముక్కలు రెండూ, మామిడికాయ ముక్కా మీ ఆకులో వేసి, తోకముక్క తాను వేసుకుంది. అందరూ తిన్నాక గిన్నెలో మిగిలేది అదే కాబట్టి ఆమె చేతికి అదే అలవాటు. ముక్కలు వేశాక గరిటె పెడితే చిదురైపోతాయని మసిగుడ్డతో దాకను పట్టుకుని తిప్పేదీ, రాత్రి వండినది పొద్దునకు పులుపు పట్టి రుచి తేలుతుందని అందరికంటే ముందు లేచి సన్నని సెగ మీద వెచ్చబెట్టేదీ ఆమే కదా. అటువంటి మనిషికి ఒక్క పూటైనా మరొకరు వండి వడ్డించినది తినిపించాలన్న మీ ఆలోచన మంచిది, దానిని నేను తక్కువ చేయను. కానీ ఆమె చేతిలోని గరిటె తీసుకుని, నడిముక్క ఆమె ఆకులో వేయాలని మీకు తోచలేదు.

మీ అమ్మగారిని నేను తప్పుపట్టను. మలై కాజా పెట్టె విప్పకుండా పక్కన పెట్టారని నొచ్చుకున్నారు, అయితే కోడలు తన కొడుకును వేధిస్తోందని స్వయంగా ఆ కొడుకే చెబితే ఏ తల్లికి మిఠాయి సహిస్తుంది? భర్తను పోగొట్టుకున్న మనిషికి కొడుకు మాటే ఆధారం. ఆ మాటే అబద్ధమైనప్పుడు మీరు ఆమెకు చూపించినది గౌరవమని నేను ఒప్పుకోలేను. తల్లి దగ్గర మంచివాడిగా మిగలడానికి భార్యను అడ్డం పెట్టుకోవడం పిరికితనం, దానికి మాతృభక్తి అని పేరు పెట్టుకోకండి.

కనుక ముందు మీ భార్యకు, చీరలూ బహుమతులూ లేకుండా, వట్టి మాటలతో క్షమాపణ చెప్పండి. తర్వాత అక్కగారు ఇంటికి వచ్చిన రోజున, ఆనాడు ఎవరి ఎదుట ఆ మాట అన్నారో వారందరూ ఉండగా, ‘అమ్మా, నెల్లూరు వెళ్దామన్నది నేను, తను అడగలేదు, నీకు చెప్పడానికి జంకి తన పేరు చెప్పాను’ అనండి. దానికి నవ్వు కలిపి తేలిక చేయకండి. అమ్మగారు కోపగించుకుంటే ఆ కోపం మీరు పడండి, సర్దిచెప్పమని భార్య వైపు చూడకండి.

అమ్మగారికి కూడా ఇల్లు కదలాలని ఉండవచ్చు. ఆమెను జొన్నవాడ కామాక్షమ్మ దర్శనానికి మీరు ప్రత్యేకంగా తీసుకువెళ్ళి, పెన్న ఒడ్డున కాసేపు కూర్చోబెట్టి, ఆమె చెప్పేది వినండి. ఇద్దరినీ ఒకే ప్రయాణంలో ఒకే ఖర్చుతో సంతోషపెట్టేద్దామని మాత్రం అనుకోకండి, అలా చేస్తే మీ భార్యకు వంటగది తప్ప మిగిలినదంతా ఇంట్లో ఉన్నట్టే ఉంటుంది.

మళ్ళీ ఎక్కడికి వెళ్ళాలో ఆమెనే అడగండి. ఎక్కడికీ వద్దంటే కొంతకాలం ఊరుకోండి. వెళ్దామంటే మాత్రం అమ్మగారికి మీ నోటితో మీరే ముందుగా చెప్పండి, ఆ రెండు రోజులకు అక్కగారిని రమ్మని మీరే పిలవండి, మాత్ర వేసుకున్నావా అమ్మా అని రాత్రి చేసే ఫోను కూడా మీరే చేయండి.