ఇంగ్లీషులో ‘వెట్’ అంటే తడి ఒక్కటేనా?

కాదు, ‘వెట్’ అంటే తడిసినదనే కాక ఇంకా ఆరనిది, వాన పడేది, మద్యం అమ్మకానికి అనుమతి ఉన్నది, మెతక మనిషి అని కూడా అర్థాలున్నాయి. అసలు భావం ద్రవం ఉండడం. ఏ ద్రవమో పక్కనున్న మాటే చెబుతుంది. వెదర్ పక్కన అది వాన, అమెరికాలో కౌంటీ (మన జిల్లా లాంటిది) అనే మాట పక్కన మద్యం. అన్నిటికన్నా విచిత్రం బ్రిటన్‌లో మనిషికి వాడడం. 1980ల్లో అప్పటి ప్రధాని మార్గరెట్ థాచర్ కఠిన ఆర్థిక విధానాలు నచ్చని సొంత పార్టీవాళ్లను ‘వెట్స్’ అని ఎద్దేవా చేసేవారు.

చాలామంది పొరబడేది ‘వెట్ పెయింట్’ బోర్డు దగ్గర. తడి అనగానే నీళ్లే అనుకుంటారు. చుక్క నీరు కలపని ఆయిల్ పెయింటైనా సరే, ముట్టుకుంటే వేలికి అంటుతోందంటే అది వెట్టే.